తప్పిపోయాడు

2025 మే 7 సాయంత్రం, పాకిస్తాన్‌తో గొడవ ముదిరిన రోజుల్లో, దేశమంతా యుద్ధ మాక్ డ్రిల్ పెట్టారు, విశాఖలో కూడా. నేను అప్పుడే పోర్టు నుంచి కంచరపాలెంలో ఇంటికొచ్చి చెప్పులు విప్పుతున్నాను. హాల్లో టీవీ గట్టిగా పెట్టి ఉంది. వార్తల మధ్యలో సైరన్ మోగింది. ఆ కూత పైకి లేస్తోంది, కిందికి జారుతోంది, మళ్లీ లేస్తోంది. లోపలి గదిలో పడుకున్న నాన్నమ్మ లేచి కూర్చుని, కాళ్లు మంచం మీంచి కిందికి జార్చి, చెప్పుల కోసం తడుముతోంది.

"ఏట్రా అది? జపానోడు మల్లీ వొచ్చీసినాడేటి?"

మా ఆవిడ నవ్వింది, నేనూ నవ్వాను. నాన్నమ్మ మాత్రం నవ్వలేదు. ఒక చెప్పు తొడుక్కుని, రెండోది దొరక్క, గోడ పట్టుకుని నిలబడింది. ఆవిడకి తొంభై నాలుగేళ్లు. పొద్దున ఏం టిఫిన్ తిందో అడిగితే చెప్పలేదు గానీ 1942 అడిగితే నిమిషం ఆలోచించదు.

ఇదివరకు డిసెంబర్ వస్తే ఆర్కే బీచ్‌లో నేవీ డే విన్యాసాలు జరిగేవి. రిహార్సల్ విమానాలు నెత్తి మీంచి వెళ్తుంటే పిల్లలం మేడ మీదికి పరిగెత్తేవాళ్లం. నాన్నమ్మ లోపలికి వెళ్లి తలుపేసుకునేది. ముసలావిడ చాదస్తం అనుకునేవాళ్లం. ఎందుకు తలుపేసుకుంటున్నావని ఇంట్లో ఎవరైనా అడిగిన గుర్తు నాకు లేదు. నేనైతే అడగలేదు.

ఆ సాయంత్రం అడిగాను.

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద బాంబులు వేశాయి. ముందురోజు కొలంబో మీద పడ్డాయి. మన మీదికి వచ్చినవి రూజో అనే విమానవాహక నౌక మీంచి లేచాయి, అదే రోజు కాకినాడనీ కొట్టాయి. మన పోర్టు తెరిచింది 1933లో, అంటే అప్పటికింకా తొమ్మిదేళ్లు కూడా నిండలేదు. ఇదంతా నేను తర్వాత చదువుకున్నది. నాన్నమ్మ చెప్పింది వేరు. వాళ్ల నాన్న హార్బర్‌లో కలాసీ, ఇల్లు వన్ టౌన్‌లో. అమ్మ అన్నం వడ్డిస్తుంటే నేల అదిరిందట. కంచంలో చారు దానంతటదే ఒక పక్కకి ఒరిగిందట. "సారు నేల మీద పడ్లేదురా బావు, కంచంలోనే అలా ఊగింది" అని అరచెయ్యి పళ్లెంలా పెట్టి చూపించింది. ఊరు ఊరంతా లేచిపోయింది. బళ్లున్నవాళ్లు బళ్ల మీద, లేనివాళ్లు నడిచి. వీళ్లు కొత్తవలస పక్క పల్లెలో అమ్మమ్మ గారింటికి నడిచిపోయారు. ఆంధ్రా యూనివర్సిటీనే గుంటూరుకి తరలించిన రోజులవి, కలాసీ కుటుంబం ఎంత!

"మరి మీ అన్నయ్య?" అన్నాను. ఆవిడకొక అన్నయ్య ఉండేవాడనీ, రంగం, అంటే రంగూన్, వెళ్లిపోయి అక్కడే బర్మా పిల్లని చేసుకుని ఉండిపోయాడనీ మా ఇంట్లో అందరికీ తెలుసు. పెళ్లిళ్లలో, పేరంటాల్లో ఎవరైనా మాట తప్పితే "వాళ్ల మావయ్య పోలికే" అనేంతగా తెలుసు. మా నాన్న చిన్నప్పుడు ఆ మాట చాలాసార్లు పడ్డాడు.

నాన్నమ్మ మంచం కింద నుంచి బిస్కెట్ల డబ్బా తీయించింది. పాత రేషన్ కార్డులు, తాతయ్య పింఛను పుస్తకం, వాటి అడుగున ఒక మనియార్డరు కూపను. అరచేయంత కూడా లేదు. పసుపు మరకలు, మడత పెట్టిన చోటల్లా చిరుగులు. మీద తెలుగులో నాలుగు వాక్యాలున్నాయి: నేను క్షేమము. అమ్మ బెంగ పెట్టుకోవద్దు. పది రూపాయలు పంపుతున్నాను. చెల్లికి పరికిణీ కొనవలెను.

ఆ చేతిరాత ఆయనది కాదు, ఆయనకి రాయడం రాదు. ఎవరో తోటివాడు రాసిపెట్టి ఉంటాడు. మూల మీద ఇంగ్లీషులో ఒక నంబరు, దాని పక్కన మూడు పొడి అక్షరాలు: ఐ.పి.సి.

నేను పనిచేసేది పోర్టులో ఒక క్లియరింగ్ ఏజెన్సీలో. అక్షరం తేడా వస్తే కంటైనర్ ఆగిపోయే ఉద్యోగం. రోజూ కాగితాల మూలలు చూసి చూసి కళ్లు ముందు అక్కడికే పోతాయి. రంగంలో కూలికి వెళ్లినవాడి కూపను మీద అలాంటి నంబరెందుకు ఉంటుంది? ఇంకో సంగతి కూడా తట్టింది. బాంబులు పడ్డ తర్వాత, ఆ వానాకాలంలో అన్నయ్య వెళ్లాడని నాన్నమ్మ అంటోంది. రంగూన్ జపాన్ చేతిలో పడింది 1942 మార్చి 8న. అప్పటికే మనవాళ్లు లక్షల్లో అక్కణ్ణుంచి కొండలూ అడవులూ పట్టుకుని నడిచి వస్తున్నారు, దారిలో వేలమంది చచ్చిపోతున్నారు. అలాంటప్పుడు అటు కూలికి ఎవరు వెళ్తారు?

"నాన్నమ్మా, మీ అన్నయ్య మిలట్రీలో చేరాడా?"

"మిలట్రీ కాదురా, పయినీరు కంపెనీ" అంది, అదేదో వేరే సంగతి అన్నట్టు.

ఐ.పి.సి. అంటే ఇండియన్ పయొనీర్ కోర్. రోడ్లు వెయ్యడం, విమానాలు దిగడానికి నేల చదును చెయ్యడం, సామాను మొయ్యడం వాళ్ల పని. మద్రాసు ప్రాంతం నుంచి చాలామంది చేరారు. హార్బర్‌లో పని ఆగిపోయిన కలాసీ కొడుక్కి చేతిలో పార పెట్టి జీతమిస్తామంటే చేరడా? ఎనభై ఏళ్లుగా ఆ సమాధానం మా మంచం కిందే ఉంది.

ఆ రాత్రి నుంచి వెతుకులాట మొదలైంది. కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ అని 1917లో పుట్టిన సంస్థ ఒకటి ఉంది. రెండు ప్రపంచ యుద్ధాల్లో బ్రిటిష్ సామ్రాజ్యం తరఫున చనిపోయిన 17 లక్షల మంది పేర్లు దాని దగ్గరున్నాయి. వెబ్‌సైట్‌లో ఎవరైనా వెతుక్కోవచ్చు, పైసా ఖర్చు లేదు. రెండో యుద్ధానికి 1947 డిసెంబర్ 31 వరకు చనిపోయినవాళ్లని లెక్కలోకి తీసుకుంటారు. మీ ఇంట్లోనూ ఇలా రంగం వెళ్లి రాని మనిషి ఎవరైనా ఉంటే ముందు అక్కడ చూడండి.

చూడండి అనడం తేలిక. పెద్దాయన పేరు అప్పలస్వామి. ఉత్తరాంధ్రలో వీధికి నలుగురుంటారు. అందులో ఒక పి నా, రెండు పి లా? ఎల్ ఒకటా, రెండా? స్వామికి డబ్ల్యూ ఉందా లేదా? చివర ఐ పెట్టారా, వై పెట్టారా? ఇంటిపేరు రాశారా? అసలు ఇంటిపేరుకి అక్కడ గడే లేదనుకున్నారా? రిక్రూటింగు దగ్గర కూర్చున్న గుమాస్తా ఏ భాషవాడో, ఏం విన్నాడో, ఏం రాసుకున్నాడో. ఐదు రాత్రులు ఇదే పని. మా ఆవిడ మొదటి రెండు రోజులు విసుక్కుంది, మూడో రోజు తనే పక్కన కూర్చుని "ఒక ఎల్ తీసేసి చూడండి" అంటోంది.

ఆ పేర్లు చదువుతుంటే ఒక వింత జరుగుతుంది. ఒక్కొక్కరి కింద ఒక్కటే లైను ఉంటుంది: ఫలానా ఆయన కొడుకు, ఫలానా ఆమె భర్త, ఫలానా ఊరు, వైజాగపటం జిల్లా. అప్పటి జిల్లా అంటే ఇప్పటి విజయనగరం, అనకాపల్లి, శ్రీకాకుళం అన్నీ కలిపి. పాలకొండ, చీపురుపల్లి లాంటి పేర్లు ఇంగ్లీషులో వంకర్లు తిరిగి కనిపిస్తుంటే బస్టాండులో బోర్డులు చదువుతున్నట్టుంది. పైకి చదివితేనే తెలుస్తాయి. మా ఆవిడ పైకి చదివేది, నేను ఊరు పోల్చేవాణ్ణి. ఆ యుద్ధంలో మన దేశం నుంచి 25 లక్షల మంది చేరారని, 87,000 మంది పోయారని ఎప్పుడో చదివాను. అప్పుడు ఆ అంకె దగ్గర ఆగలేదు. "పైడమ్మ భర్త" అన్న దగ్గర మాత్రం ఇద్దరం ఆగిపోయాం. ఎవరో మాకు తెలీదు.

ఐదో రాత్రి పన్నెండు దాటాక దొరికాడు. రెండు పి లు, ఒక ఎల్, డబ్ల్యూ లేదు. తండ్రి పేరు సగం సరిగ్గా ఉంది. ఊరి పేరైతే దేవుడికే తెలియాలి. కూపను తెచ్చి ఫోన్ టార్చి కింద పెట్టి నంబరు చూశాను. ఒక్కొక్క అంకె మా ఆవిడ చదువుతోంది, నేను తెర మీద వేలు పెట్టి చూస్తున్నాను. అన్నీ కలిశాయి.

ఇండియన్ పయొనీర్ కోర్. 1944 జూన్. రంగూన్ మెమోరియల్.

రంగం! మా ఇంట్లో అన్న మాట నిజమే. పేరు రంగం చేరింది. మనిషే చేరలేదు. ఆ మెమోరియల్ యాంగోన్‌కి ఉత్తరంగా 35 కిలోమీటర్ల దూరంలో తౌక్యాన్ యుద్ధ శ్మశానంలో ఉంది. వరసగా స్తంభాలు, వాటి మీద పేర్లు, దాదాపు 27,000. బర్మాలో, అస్సాంలో చనిపోయి, శవం దొరక్కో మరెందుకో సమాధి గానీ దహనం గానీ దక్కనివాళ్ల పేర్లవి. "స్వేచ్ఛగా బతికే మనుషులందరి కోసం చనిపోయారు" అని అర్థం వచ్చే వాక్యం అక్కడ ఇంగ్లీషు, బర్మీస్, హిందీ, ఉర్దూ, పంజాబీల్లో చెక్కారు. తెలుగు లేదు. సరే, మా పెద్దాయనకి తెలుగూ చదవడం రాదు కదా.

1944 జూన్ అంటే ఇంఫాల్ ఇంకా జపాన్ ముట్టడిలో ఉంది, కొహిమా నుంచి వచ్చే దారి ఆ నెల 22న గానీ తెరుచుకోలేదు. ఆయన తుపాకీ దెబ్బకే పోయాడని కూడా చెప్పలేను. 1943లో ఆ సరిహద్దులో గాయపడి వెనక్కి వచ్చిన ఒక్కొక్క మనిషికి 120 మంది జబ్బుతో వచ్చారట. మలేరియా, విరేచనాలు. వానాకాలం, కొండ, బురద, చేతిలో పార. అంతవరకే ఊహించగలను.

దీని తర్వాత చేసిన పనుల్లో చెప్పుకోదగ్గవి తక్కువ. ఊళ్లో ఇలాంటి వ్యవహారాలు తెలుసన్న ఒకాయన "ఎనభై ఏళ్ల పింఛను బకాయి ఇప్పిస్తాను, ముందు ఖర్చులకి పదివేలు పట్రా" అన్నాడు. దండం పెట్టి వచ్చేశాను. పాత కాగితాల కోసం రికార్డుల ఆఫీసుకి రాస్తే రెండు నెలలకి రెండు లైన్ల జవాబొచ్చింది, అంతనాటి ఫైలు దొరకలేదని. తండ్రి పేరు, ఊరి పేరు సరిచెయ్యమని కమిషన్‌కి కూపను ఫోటో తీసి పంపాను. అందిందన్నారు. చూడాలి.

అసలు కష్టం నాన్నమ్మకి చెప్పడం. తొంభై నాలుగేళ్ల మనిషికి, 1944లో మీ అన్నయ్య పోయాడని 2025లో ఎలా చెప్తాం? నాన్నా నేనూ వారం రోజులు నువ్వు చెప్పంటే నువ్వు చెప్పనుకున్నాం. చివరికి నాన్నే చెప్పాడు. ఆవిడ గోడకేసి చూస్తూ విని, "తంతి వొచ్చింది" అంది.

ఏ తంతి?

యుద్ధం ముగియకముందే ఇంగ్లీషులో ఒక తంతి, అదే టెలిగ్రాం, వచ్చిందట. ఊళ్లో చదువుకున్నాయన చదివి, "తప్పిపోయాడు" అని చెప్పాడట. మిస్సింగ్ అని ఉండి ఉంటుంది, ఆయన చెప్పింది తప్పు కాదు. కానీ ఆ మాట ఊళ్లో నాలుగు నోళ్లు తిరిగేసరికి తప్పించుకుపోయాడు అయింది. ఇంకో నెలకి పారిపోయాడు అయింది. యుద్ధం అయ్యాక బర్మా నుంచి వచ్చినవాడొకడు అలాంటి మనిషిని చూశానన్నాడు. దానికో పిల్లని ఎవరు తగిలించారో తెలీదు. అప్పట్లో రంగం వెళ్లి రానివాడంటే కథ అలాగే ముగిసేది.

"మాయమ్మ సచ్చీదాకా ఆ బర్మా గుంటని తిట్టింది" అంది నాన్నమ్మ. కాసేపాగి, "లేని గుంటని" అంది.

ఏడవలేదు. మంచినీళ్లు అడిగింది. మర్నాడు పొద్దున్నే నాన్నని పిలిచి, అయితే ఇన్నేళ్లూ ఆయనకి ఎవరూ నీళ్లు వదల్లేదు కదరా అంది. బతికున్నాడనుకున్నవాడికి ఎవరు వదుల్తారు?

వెళ్లి ఆ స్తంభం చూసొద్దామని నాకు గట్టిగా ఉండేది. కానీ 2021 ఫిబ్రవరిలో సైన్యం అధికారం లాక్కున్నప్పటి నుంచి మయన్మార్‌లో మళ్లీ యుద్ధమే. పాత యుద్ధంలో పోయినవాడి పేరు చూడ్డానికి కొత్త యుద్ధం మధ్యలోంచి వెళ్లాలి. నాన్న వద్దన్నాడు. మన దగ్గర ఆ మే నెల 10న కాల్పులు ఆగాయి గానీ, ఆగేలోపే గోరంట్ల దగ్గర కల్లితండా నుంచి వెళ్లిన అగ్నివీర్ మురళీ నాయక్ సరిహద్దులో ప్రాణం వదిలాడు. టీవీలో ఆ అబ్బాయి తల్లిని చూపిస్తుంటే నాన్నమ్మ టీవీ ఆపెయ్యమంది.

మాకు తెలిసిన పురోహితుడు ఒక సంగతి చెప్పాడు. మహాలయ పక్షంలో అమావాస్య ముందురోజు వచ్చే చతుర్దశి ఆయుధాల వల్ల పోయినవాళ్లదట, శస్త్రహత చతుర్దశి అంటారట. నాకిది తెలీదు. తెలుగువాళ్లకీ యుద్ధంలో పోయినవాళ్లని తలుచుకునే రోజొకటి పంచాంగంలోనే ఉందని ముప్ఫై ఎనిమిదేళ్లు వచ్చాక తెలిసింది. మేనమామకి మేనల్లుడు ఇవ్వచ్చు, కారుణ్య పితరుల్లో చెప్పుకుందాం అన్నాడాయన. ఆయుధంతో పోయాడో జ్వరంతో పోయాడో తెలీదండీ అంటే, "యుద్ధంలో పోయాడు కదా, చాలు" అన్నాడు.

సెప్టెంబర్ 20 శనివారం పొద్దున ఆరింటికి ఆర్కే బీచ్‌కి వెళ్లాం. స్వయంపాకానికి బియ్యం, కందిపప్పు, అరటికాయలు, గుమ్మడి ముక్క, చిన్న సీసాలో నెయ్యి. నాన్నమ్మని కారులోనే కూర్చోబెట్టి అద్దం దించాం. పక్కన విక్టరీ ఎట్ సీ దగ్గర వాకింగ్ వాళ్లు ఫోటోలు దిగుతున్నారు. 1971 యుద్ధానికి గుర్తుగా 1996లో కట్టింది అది. ఆ డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక సముద్రంలో పెద్ద పేలుడు వినబడి ఇంట్లో కిటికీ అద్దాలు అదిరాయని నాన్న చెప్తాడు, అప్పుడు ఆయనకి పదకొండేళ్లు. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిన రాత్రి అది. లోపల తొంభై మందికి పైగా ఉన్నారు. ఇప్పటికీ మన హార్బర్ ముందే అడుగున ఉంది.

నాన్న మోకాళ్లలోతు నీళ్లలో నిలబడి నువ్వులు, నీళ్లు వదులుతున్నాడు. గోత్రం దగ్గర తడబడితే కారులోంచి నాన్నమ్మ అరిచి చెప్పింది. అప్పలస్వామి పేరు మూడుసార్లు పైకి వినబడింది. మా ఇంట్లో ఆ పేరు వెటకారం లేకుండా పలకడం నేను మొదటిసారి విన్నాను.

అంతా అయ్యాక పురోహితుడు ఇంకొక్క దోసెడు తీసుకోమన్నాడు. తల్లీ తండ్రీ బంధువులూ, నా అన్నవాళ్లు ఎవరూ లేనివాళ్లందరికీ ఇది వదలాలి, ప్రతి తర్పణం చివరా ఉండేదే అన్నాడు. నాన్న దోసిలి పట్టుకుని వెంటనే వదల్లేదు. హార్బర్ వైపు చూస్తున్నాడు. దూరంగా లంగరేసిన ఓడలు నాలుగైదున్నాయి. "ఆ పడవలోవాళ్లకి కూడా వస్తుందా పంతులుగారూ?" అన్నాడు. ఏ పడవో ఆయనకి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక, "అందరికీ అన్నాం కదండీ" అన్నాడు.

నాన్న నీళ్లు వదిలాడు. చేతికంటిన నువ్వుల్ని ఒక అల వచ్చి కడిగేసింది.

ఇంటికొస్తుంటే నాన్నమ్మ ఒళ్లో బిస్కెట్ల డబ్బా ఉంది. అది కూడా తెచ్చుకుందని మాకు తెలీదు. జగదాంబ సిగ్నల్ దగ్గర ఆగాం. అప్పుడు గుర్తొచ్చి అడిగాను, "ఇంతకీ ఆ పది రూపాయలకి పరికిణీ కొన్నారా నాన్నమ్మా?"

"ఎక్కడిదిరా, నూకలు కొన్నారు" అంది. "అన్నయ్యకి మాత్రం కొన్నామనే రాయించింది అమ్మ. పచ్చది అని."